పద్మవ్యూహం, ఆరో ఎడిషన్

బొమ్మల కొలువు మనందరికీ తెలిసిందే. మెట్లు కట్టి, తెల్ల దుప్పటి పరిచి, పై మెట్టు మీద దేవుళ్ళు, కింద పెళ్ళివారు, ఆ కింద కూరగాయల కొట్టు, పచారీ కొట్టు... పేరంటాళ్ళు వచ్చి చూసి, మెచ్చుకుని, శనగలు పుచ్చుకుని వెళ్తారు. ఆ బొమ్మలన్నీ ఒక రాత్రి మెట్లు దిగొచ్చి, డైనింగ్ టేబుల్ మీద రెండు జట్లుగా వరసలు కట్టి, ఒకళ్ళ మీదకొకళ్ళు యుద్ధానికి బయల్దేరాయనుకోండి. గత ఏడాదిగా మా ఇంట్లో జరుగుతున్నది ఇంచుమించు అదే.

ఇక్కడ ఇంగ్లండులో దీన్ని మినియేచర్ వార్‌గేమ్ అంటారు. బొటనవేలంత బొమ్మలు. ప్లాస్టిక్‌వి కొన్ని, లోహంతో పోత పోసినవి కొన్ని. ముక్కలుగా వస్తాయి. అతికించుకుని, సన్న కుంచెతో మనమే రంగులు వేసుకోవాలి. వాటిని దళాలుగా నిలబెట్టి, టేపుతో కొలుచుకుంటూ నడిపించి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకుంటారు. కొందరు నెపోలియన్ నాటి యుద్ధాలు ఆడతారు. కొందరు రాక్షసులూ మరుగుజ్జులూ మంత్రగాళ్ళూ ఉండే కల్పిత లోకంలో ఆడతారు. మా ఇంటికొచ్చింది ఈ రెండో రకం.

మేం ఈ దేశం వచ్చి రెండేళ్ళు దాటింది. మావారి ఉద్యోగం కోసం రావడం. మా అబ్బాయికి అప్పుడు పదమూడు. ఆ వయసులో బడి మారితే పిల్లలు ఏడుస్తారనో, గొడవ చేస్తారనో అనుకుంటాం. వాడు రెండూ చెయ్యలేదు. మాట తగ్గించేశాడు, అంతే. "స్కూలెలా ఉందిరా?" అంటే "బానే ఉంది." "మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తిన్నావు?" అంటే "ఎవరో ఒకళ్ళు." ఒక తల్లికి నిద్ర పట్టకుండా చెయ్యడానికి ఈ రెండు జవాబులు చాలు.

ఇక్కడ చారిటీ షాపులని ఉంటాయి. జనం తమకక్కర్లేని సామాను తెచ్చి ఇస్తే, దాన్ని అమ్మి ఆ డబ్బు ఏదో ఒక మంచి పనికి వాడతారు. నేను అక్కడ గిన్నెలు చూస్తుంటే వాడు మూలనున్న ఒక అట్టపెట్టె ముందు కూర్చుండిపోయాడు. పెట్టె మీద 'వార్‌హామర్' అని ఉంది. ధర 8 పౌండ్లు. లోపల ఆకుపచ్చ ఒళ్ళూ కోరపళ్ళూ ఉన్న రాక్షసులు, వాళ్ళని ఆర్క్‌లంటారట. రంగురంగుల ఉబ్బు చేతుల చొక్కాలు తొడుక్కున్న సైనికులు, వాళ్ళది ఎంపైర్ అట. ఒక ఫిరంగి, చక్రం ఊడిన రథం ఒకటి. సగం వాటికి ఎవరో శ్రద్ధగా రంగులు వేశారు. మిగతా సగం అలాగే వదిలేశారు. అన్నీ ఉన్నాయి కానీ ఎలా ఆడాలో చెప్పే పుస్తకం మాత్రం లేదు.

"పుస్తకం లేకుండా ఏం చేసుకుంటాంరా?" అన్నాను.

"వెతుకుదాం అమ్మా," అన్నాడు. చాలా రోజుల తర్వాత వాడి నోట విన్న మొదటి 'దాం' అది. కొనేశాను.

వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ పుస్తకం ఒకటి కాదని. ఈ ఆట మొదటిసారి వచ్చింది 1983లో. బ్రయాన్ ఆన్సెల్, రిచర్డ్ హాలివెల్, రిక్ ప్రీస్ట్లీ అనే ముగ్గురు రాశారు. రెండో ఎడిషన్ 1984లో, మూడోది 1987లో, నాలుగోది 1992లో, అయిదోది 1996లో, ఆరోది 2000లో, ఏడోది 2006లో, ఎనిమిదోది 2010లో వచ్చాయి. ఒక్కో ఎడిషన్‌లో రూల్స్ మారుతూ వచ్చాయి. ఆట పేరు అదే, బొమ్మలూ చాలావరకు అవే, కానీ ఒక ఎడిషన్ పుస్తకం పట్టుకుని ఇంకో ఎడిషన్ ఆడబోతే లెక్క కుదరదు. మా పెట్టె 2000 నాటిది, అంటే ఆరోది.

బి.ఏ. తెలుగు ఎందుకు పనికొచ్చిందని నన్ను చాలామంది అడిగారు. ఇదిగో, ఇందుకు పనికొచ్చింది. పాఠభేదాలంటే ఏమిటో, ఒక ప్రతిని ఇంకో ప్రతితో ఎందుకు సరిచూడాలో మాకు కాలేజీలో చెప్పారు. బ్రౌన్ దొర ఊరూరి నుంచి తాళపత్రాలు తెప్పించి, పండితుల్ని కూర్చోబెట్టి, ప్రతులన్నీ పోల్చి చూపించి వేమన పద్యాలు 1829లో అచ్చువేయించాడు. ఆట పుస్తకానికీ అదే పద్ధతి. ముందు పేజీ వెనక సంవత్సరం చూడాలి, అది ఏ ఎడిషన్‌దో తేల్చుకోవాలి, ఆ తర్వాతే కొనాలి. ఉదాహరణకి 'రావెనింగ్ హోర్డ్స్' అన్న పేరుతో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి 1987లో వచ్చింది, రెండో ఎడిషన్ ఆడేవాళ్ళకి. ఇంకోటి 2000లో వచ్చింది, ఆరో ఎడిషన్ కోసం. రెండూ సైన్యాల జాబితాలే. పేరు మాత్రం చూసి కొన్నవాళ్ళ చేతికి పదమూడేళ్ళ తేడా ఉన్న పుస్తకం వస్తుంది.

ఈ ఆటని అచ్చువేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ గురించి చదువుతుంటే ఒక సంగతి కనపడి గబగబా మా అమ్మకి ఫోన్ చేశాను. 1975లో లండన్‌లో ముగ్గురు స్నేహితులు దాన్ని మొదలుపెట్టినప్పుడు రాక్షసులూ లేరు, ఫిరంగులూ లేవు. చెక్కతో ఆట పలకలు చేసి అమ్మేవాళ్ళట. వాటిల్లో మంకాలా ఒకటి, నైన్ మెన్స్ మోరిస్ ఇంకోటి. మంకాలా అంటే మన వామనగుంటల కుటుంబం. గుంటల్లో గింజలు పంచుకుంటూ పోయే ఆటలన్నిటికీ అదే పేరు. నైన్ మెన్స్ మోరిస్ అంటే మన దాడి ఆట. మూడు చతురస్రాలు గీసి, తలా తొమ్మిది కాయలు పట్టుకుని ఆడతామే, అదే. "అయితే వాళ్ళకీ చింతపిక్కలు దొరుకుతాయా?" అంది అమ్మ.

అసలు పాత పుస్తకం కోసం ఈ తిప్పలెందుకు, కొత్తది కొనుక్కోవచ్చుగా అంటారేమో. 2015లో కంపెనీ ఈ ఆటని ఆపేసింది. ఊరికే ఆపలేదు, ఆ లోకాన్నే అంతం చేసేసింది! 'ది ఎండ్ టైమ్స్' పేరుతో పుస్తకాలు వేసి, అందులో ఆ రాజ్యాలన్నీ ప్రళయంలో కలిసిపోయినట్టు కథ రాసి, దాని స్థానంలో వేరే ఆట తెచ్చింది. అప్పటికి ముప్పై ఏళ్ళుగా బొమ్మలకి రంగులేసుకుంటూ వచ్చిన వాళ్ళ గతి ఊహించండి. మళ్ళీ 2024 జనవరిలో 'ది ఓల్డ్ వరల్డ్' పేరుతో పాత లోకాన్ని వెనక్కి తెచ్చారు. కానీ అందులో పీటల కొలతలు మారాయి. పీట అంటే బొమ్మ నిలబడే చిన్న పలక. మా పెట్టెలో సైనికుడి పీట 20 మిల్లీమీటర్లు, ఆర్క్ పీట 25. కొత్తదాంట్లో 25, 30. పెళ్ళి పందిట్లో పీటలు మారిస్తే ఎంత గందరగోళమో, ఇక్కడా అంతే. మా బొమ్మలకి మా ఆరో ఎడిషనే సరి.

మూడు నెలలు వెతికాం. ఇక్కడ ఆదివారాలు ఏదో ఒక మైదానంలో జనం కార్ల డిక్కీలు తెరిచి పాత సామాన్లు అమ్ముతారు. చలిలో టోపీలు పెట్టుకుని ఇద్దరం ఆ వరసలన్నీ తిరిగేవాళ్ళం. దొరకలేదు. పాత పుస్తకాల షాపుల్లో అడిగాం. చివరికి పాత వస్తువులు అమ్మే ఒకాయన దగ్గర ఆన్‌లైన్‌లో 12 పౌండ్లకి దొరికింది. కొనేముందు వాడి చేత ఆయనకి ఉత్తరం రాయించాను: సంవత్సరం ఎంత? పేజీలన్నీ ఉన్నాయా? అతుకు ఊడిందా? వాడు రాశాడు, ఆయన ఓపిగ్గా జవాబిచ్చాడు. ఒక కొత్త మనిషితో వాడు నాలుగు వాక్యాలు మాట్లాడ్డం ఆ దేశంలో అదే మొదలు. ఉత్తరమైతేనేం.

పుస్తకం వచ్చింది. ఇంట్లో పాత పెద్దబాలశిక్షల్లో ఉంటాయే, అలా మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు. అంతకుముందు అది ఎవరి దగ్గరుందో తెలీదు కానీ, ఆ ఇంట్లో ఇద్దరన్నదమ్ములున్నారని మాత్రం తెలిసింది. ఓడిన దళం ఎంత దూరం పారిపోవాలో చెప్పే చోట ఒక గీత గీసి, పక్కన "తమ్ముడు ఒప్పుకోలేదు" అని రాసి ఉంది. రెండు పేజీల తర్వాత ఇంకో రాత, అక్షరాలు వేరు: "అన్నయ్యదే తప్పు, ఇక్కడ చూడు." మా వాడు ఆ రెండు రాతలూ ఎన్నిసార్లు చదువుకున్నాడో. వాడికి తోబుట్టువులు లేరు.

ఇక ఆట. ఇంచుల లెక్కన నడవాలి. మనిషికి నాలుగు ఇంచులు, మరుగుజ్జుకి మూడు, ఎల్ఫ్ అనే చెవులు కొసదేరిన జాతికి అయిదు. ఎదుటివాడి మీదకి దూకితే దానికి రెట్టింపు. అయితే ఈ ఎడిషన్‌లో ముందే టేపు పెట్టి కొలవకూడదు. కళ్ళతో అంచనా వేసి, "దూకుతున్నా" అని చెప్పేశాకే కొలవాలి. అందకపోతే నడిమధ్యలో నిలబడిపోవాలి. ఫిరంగీ అంతే, ఎన్ని ఇంచుల దూరం పేలాలో ఊహించి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా జాకెట్టు ముక్కలు చూపుతోనే కొలుస్తున్నదాన్ని, మూర వేస్తే ఎన్ని మూరల మల్లెపూలో చెప్పగలదాన్ని! కంప్యూటర్ల ముందు కూర్చునే మావారు పద్నాలుగన్న చోట పదకొండున్నర అని నేను చెప్పాను. టేపు నా పక్షానే నిలబడింది.

ఆర్క్‌లకి ఒక ప్రత్యేకమైన రూల్ ఉంది. ప్రతి వంతు మొదట్లో ఒక్కో దళానికి పాచిక వెయ్యాలి. ఒకటి పడిందా, ఆ దళం శత్రువుని వదిలేసి తమలో తామే కీచులాడుకుంటూ అక్కడే ఉండిపోతుంది. ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినవాళ్ళెవరికీ నేను ఇంతకన్నా వివరించక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది ధైర్యం లెక్క. కొట్లాటలో ఒక దళం ఓడితే, ఎంతమంది పోయారన్నది అక్కడితో తేలిపోదు. మిగిలినవాళ్ళు నిలబడతారా, పారిపోతారా అని రెండు పాచికలు వేసి చూడాలి. ఎంత తేడాతో ఓడితే అంత కష్టం. సగానికి సగం మంది బతికే ఉండి, జంకి పారిపోయే దళాలే ఎక్కువ. చావడం వల్ల కన్నా జంకడం వల్లే ఓడిపోతారన్నమాట.

పదిసార్లు ఆడాక మా ఇంట్లో ఆట చప్పబడింది. కారణం ఉంది. పుస్తకంలో ఉన్న మామూలు యుద్ధంలో ఇద్దరికీ సమానమైన బలం. బొమ్మబొమ్మకీ ఇన్ని పాయింట్లని ఉంటుంది. ఇద్దరూ చెరో రెండు వేల పాయింట్ల సైన్యం తెచ్చుకుని, ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు. ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నది ఉండదు. "మళ్ళీ అదేనా?" అన్నారు మావారు. అప్పుడు తెలిసింది మేం సగమే వెతికామని. రూల్‌బుక్ దొరికింది, సినారియోలు దొరకలేదు.

సినారియో అంటే సన్నివేశం. ఈ రాత్రి ఈ ఊరి మీద వీళ్ళు పడ్డారు, ఊళ్ళో ఇంతమందే ఉన్నారు, తెల్లారేదాకా కాపాడుకోవాలి, అని చెప్పే ఒకటి రెండు పేజీలు. ఎవరి దగ్గర ఏముంది, ఎక్కడ నిలబడాలి, ఎన్ని వంతులు ఆడాలి, ఏం చేస్తే గెలిచినట్టు, ఇవన్నీ అందులో ఉంటాయి. ఆరో ఎడిషన్‌కి ఇలాంటివి 2003లో వచ్చిన 'జనరల్స్ కంపెండియం' అనే పుస్తకంలో ఉన్నాయి. 1977 నుంచి వస్తున్న 'వైట్ డ్వార్ఫ్' పత్రిక పాత సంచికల్లోనూ ఉంటాయి. ఏ ఏళ్ళ సంచికలు కొంటే ఆ ఏళ్ళ ఎడిషన్ సినారియోలు దొరుకుతాయి.

కానీ అసలు గనులు ఇంకా పాతవట. ఆ మాట చెప్పింది మా ఊరి క్లబ్బులో ఒక పెద్దాయన. గురువారం సాయంత్రాలు చర్చి పక్కన హాల్లో పదీ పదిహేను మంది చేరి ఈ ఆటలు ఆడతారు. సగం మందికి జుట్టు తెల్లబడింది. మా వాణ్ణి మొదటివారం తీసుకెళ్తే గోడ పక్కన నిలబడి చూసి వచ్చేశాడు. రెండోవారమూ అంతే. మూడోవారం ఆ పెద్దాయన పలకరించి, తన సంచిలోంచి నాలుగు పాత సినారియోలు తీసి చూపించాడు. 1984లో వచ్చిన 'ది మాగ్నిఫిసెంట్ స్వెన్', 1985 నాటి 'బ్లడ్‌బాత్ ఎట్ ఆర్క్స్ డ్రిఫ్ట్', 1986లో వచ్చిన 'టెరర్ ఆఫ్ ద లిచ్‌మాస్టర్', 'మెక్‌డెత్'. ఇలాంటివి కొనేటప్పుడు పుస్తకం ఉంటే సరిపోదు, కత్తిరించి నిలబెట్టుకునే అట్ట ఇళ్ళూ అవీ ఉన్నాయో లేదో చూసుకోవాలని చెప్పాడు.

పేర్లు చూడండి ఎంత అల్లరిగా ఉన్నాయో. 'మెక్‌డెత్' అంటే షేక్‌స్పియర్ మాక్‌బెత్‌కి పేరడీ. 'మాగ్నిఫిసెంట్ స్వెన్' పేరు 1960 నాటి 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్' సినిమా మీద ఛలోక్తి. ఆ సినిమాయేమో కురొసావా తీసిన 'సెవెన్ సమురాయ్'కి అనుసరణ. 'ఆర్క్స్ డ్రిఫ్ట్' పేరు రోర్క్స్ డ్రిఫ్ట్ నుంచి వచ్చింది. దక్షిణాఫ్రికాలో 1879లో నూట యాభై మంది దాకా బ్రిటిష్ సైనికులు వేలమంది జూలూ యోధుల్ని ఒక రాత్రంతా ఆపిన చోటు అది.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ నాకు తట్టింది. ఇవి రాసినవాళ్ళు చేసింది మన కవులు చేసిందే. తెలిసిన కథ తీసుకుని, పాత్రలు మార్చి, మళ్ళీ చెప్పారు. అయితే వాళ్ళకి కథకుడికి లేని ఇబ్బంది ఒకటుంది. కథలో తక్కువ బలమున్నవాడు ఓడిపోతే మనం కన్నీళ్ళు పెట్టుకుంటాం, అది కథకి అందం. ఆటలో ఆ తక్కువ బలమున్నవాడి వైపు ఒక మనిషి కూర్చుని ఉంటాడు. గెలిచే దారి బొత్తిగా లేకపోతే అతను ఎందుకు కూర్చోవాలి? అందుకని సినారియో రాసేవాళ్ళు గెలుపు అర్థాన్నే మారుస్తారు. నువ్వు వాళ్ళని చంపక్కర్లేదు, ఆరు వంతులు నిలబడితే చాలు, నువ్వే గెలిచినట్టు. లేదా ఊళ్ళో పిల్లల్ని వంతెన దాటిస్తే చాలు. బలం సమానం కాకపోయినా న్యాయం సమానంగా ఉంటుంది.

మర్నాడు పొద్దున్న వాడికి ఉప్మా పెడుతూ అడిగాను, "అభిమన్యుడి కథ నీకెంత తెలుసు?" వాడికి తెలిసింది కార్టూన్ సినిమాలో చూసిందే. కూర్చోబెట్టి చెప్పాను. పదమూడో రోజు యుద్ధం. ద్రోణుడు పన్నిన వ్యూహం. సంశప్తకులు అర్జునుణ్ణి దూరంగా లాక్కుపోయారు. అభిమన్యుడికి లోపలికి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలీదు. వెనకే వస్తామన్న పెదనాన్నల్ని సైంధవుడు ద్వారం దగ్గర ఆపేశాడు. ఏదైనా పనికి ఎవడైనా అడ్డుపడితే మా నాయనమ్మ "సైంధవుడిలా దాపురించాడు" అని ఎందుకనేదో వాడికి అప్పుడు తెలిసింది.

తినడం మానేసి వింటున్నాడు. అంతా అయ్యాక, "చుట్టూ అందరూ తెలిసినవాళ్ళే కదమ్మా, ఎవరూ ఆపలేదా?" అని అడిగాడు. ఆపలేదని చెప్పాను.

ఆ శనివారం మొదలుపెట్టాం. కత్తి పైకెత్తిన ఒక ఎంపైర్ బొమ్మ అభిమన్యుడు. ఆర్క్‌లు కౌరవసేన. చక్రం ఊడిన రథం బల్ల మధ్యలో. ఒక పెద్ద ఆర్క్ సైంధవుడు. ఈ ఆట తొలి ఎడిషన్లలో ఇద్దరు ఆటగాళ్ళతో పాటు సన్నివేశం నడిపించే మూడో మనిషి ఉండేవాడట. మన నాటకాల్లో సూత్రధారిలాగ. ఆ ఉద్యోగం నేను తీసుకున్నాను. మావారు కౌరవులు. మొదటిసారి ఆడితే అభిమన్యుడు రెండో వంతుకే పోయాడు. వయసూ బలమూ పెంచి ఆడితే, ఎవరికీ లొంగకుండా పోయాడు. రెండూ బాలేదు. మూడు వారాలు కొలతలు మారుస్తూ, లెక్కలు రాస్తూ, కొట్టేస్తూ గడిచిపోయాయి. కాగితం మీద నా తెలుగు, వాడి ఇంగ్లీషు కలిసిపోయాయి.

చివరికి కుదిరిన రూల్స్ రెండూ వాడు పెట్టినవే. మొదటిది: కౌరవుల్లో ఒక్కో వీరుడు ఒంటరిగా వచ్చి పోరాడితే ఏమీ పోదు. ఒకరికన్నా ఎక్కువమంది ఒకేసారి మీదపడొచ్చు, చంపడం సులువవుతుంది, కానీ పడినవాళ్ళల్లో తలకొక పాయింటు కౌరవులకి తగ్గుతుంది. అది అధర్మం ఖరీదు. రెండోది చెప్పేటప్పుడు వాడు పుస్తకంలో ఒక పేజీ తీసి వేలు పెట్టి చూపించాడు. 'అన్‌బ్రేకబుల్' అనే రూల్. అది ఉన్నవాళ్ళు ధైర్యం పాచిక వెయ్యక్కర్లేదు. దెబ్బ తగులుతుంది, చనిపోవచ్చు కూడా, కానీ పారిపోవడమన్నది ఉండదు.

"ఇది అభిమన్యుడికి పెడదామమ్మా," అన్నాడు. "భయం వెయ్యదని కాదు. వేసినా అక్కడే ఉంటాడు."

పెడదామన్నాను. ఆ మాట వాడు ఎవరి గురించి అన్నాడో నేను అడగలేదు. మధ్యాహ్నం బడిలో ఎవరితో కూర్చుని తింటున్నావని ఆ తర్వాత రోజూ అడగడం కూడా మానేశాను.

క్లబ్బులో ఆడిన రోజు నేను మూల టీ కాచే చోట ఉన్నాను. ఆ పెద్దాయన కౌరవుల వైపు కూర్చున్నాడు. పాండవుల వైపు, అంటే ద్వారం దగ్గర ఆగిపోయేవాళ్ళ వైపు, మా వాడి బడిలోనే పై తరగతి చదివే ఒక పిల్లాడు. అభిమన్యుడు మా వాడు. ఆట మొదలుపెట్టే ముందు ఆ కథ వాళ్ళకి చెప్పాలి కదా. చెప్పాడు. పక్క బల్లల దగ్గరివాళ్ళు కూడా పాచికలు ఆపి విన్నారు. పది నిమిషాలు, గుక్క తిప్పుకోకుండా. నేను కప్పుల్లో పాలు పొయ్యడం మర్చిపోయాను.

నాలుగు వంతుల దాకా పెద్దాయన ధర్మంగానే ఆడాడు. ఒక్కొక్కణ్ణే పంపాడు, ఒక్కొక్కణ్ణే పోగొట్టుకున్నాడు. ద్వారం దగ్గర పై తరగతి పిల్లాడు సైంధవుడితో తలపడి వేసిన ప్రతి పాచికా వృథా. అయిదో వంతులో పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇంక తప్పదు" అని ఆరుగుర్నీ ఒకేసారి తోశాడు. అభిమన్యుడు అక్కడే పడిపోయాడు. లెక్క చూస్తే అధర్మం కింద ఆరు పాయింట్లు పోయి, పెద్దాయన ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాడు. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

"ఇది రాసిందెవరు?" అని అడిగాడాయన.

మా వాడు ఆలోచించి, "ముందు వ్యాసుడు. తర్వాత మా అమ్మ, నేను," అన్నాడు. మధ్యలో తిక్కనగారున్నారని ఇంటికొచ్చాక గుర్తుచేశాను.

ఆ క్లబ్బులో గోడ బీరువాలో ఒక లావుపాటి ఫైలుంది. ఎన్నో ఏళ్ళుగా సభ్యులు సొంతంగా రాసుకున్న సినారియోలన్నీ అందులో ఉంటాయి. టైపు మిషన్ మీద కొట్టినవి, చేత్తో రాసినవి, కాఫీ మరకలున్నవి. కంపెనీ ఆట ఆపేసిన 2015లో కూడా ఆ ఫైల్లో కొత్త కాగితాలు చేరాయి. మా పద్మవ్యూహం అందులో చివరి కాగితం. కింద ఆడినవాళ్ళ పేర్లు రాసే చోటు వదిలితే, ముగ్గురూ సంతకాలు పెట్టారు.

పై తరగతి పిల్లాడు గత ఆదివారం మా ఇంటికొచ్చాడు. ఇంకోటి రాయమన్నారట క్లబ్బువాళ్ళు. పల్నాటి యుద్ధం గురించి చెప్పాను, బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు. పెసరట్లు తింటూ ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. అంత యుద్ధానికి మూలం కోడిపందెమని తెలిసి ఆ పిల్లాడు నమ్మలేకపోయాడు. ఇప్పుడు ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని, పుస్తకం మధ్యలో పెట్టుకుని, కోళ్ళ పోట్లాటకి ఏ పేజీ రూల్ వాడాలో వాదించుకుంటున్నారు. మార్జిన్లో మా వాడు పెన్సిల్‌తో ఏదో రాశాడు. వాడటు తిరిగినప్పుడు తొంగిచూశాను: "వీడు ఒప్పుకోలేదు."